ఇస్లాంలో పండితుడి మాటకు బలం ఎక్కడిది?

క్రీ.శ. 632లో మదీనాలో ప్రవక్త ముహమ్మద్ కన్నుమూయగానే ముస్లిం సమాజం ముందు రెండు ప్రశ్నలు నిలిచాయి. పాలన ఎవరు చూడాలన్నది మొదటిది, ధర్మం విషయంలో ఎవరి మాట చెల్లాలన్నది రెండోది. మొదటి ప్రశ్నకు అబూబక్ర్ ఎన్నికతో వెంటనే ఒక సమాధానం దొరికింది; దాని మీద తలెత్తిన భేదాభిప్రాయమే సున్నీ, షియా శాఖల చీలికకు మూలమైంది. రెండో ప్రశ్నకు మాత్రం ఎవరూ సభ పెట్టి సమాధానం తేల్చలేదు. దైవసందేశం ప్రవక్తతో పూర్తయిందని, ఇక మరో ప్రవక్త రాడని ముస్లింల మౌలిక విశ్వాసం. కాబట్టి ఆ తర్వాత ఎవరు మాట్లాడినా అది ఉన్న సందేశానికి అర్థం చెప్పడమే అవుతుంది తప్ప కొత్త ఆదేశం కాదు. ఆ అర్థం చెప్పే పనిని, ఎవరి నియామకమూ లేకుండానే, చదువుకున్నవాళ్లు క్రమంగా తమ భుజాన వేసుకున్నారు. వారే ఉలమా, అంటే ధర్మపండితులు. వారి మాటను కోట్లమంది పాటిస్తున్నా, ఆ మాటకు చట్టబద్ధమైన పీఠం గానీ అభిషేకం గానీ ఆధారం కాదు. మరి దేని మీద అది నిలబడి ఉందన్నదే అసలు విషయం.

ఇస్లాంలో పురోహిత వర్గం లేదు. నమాజు చదివించడానికి పుట్టుకతో వచ్చే అర్హత అక్కర్లేదు. ఖుర్‌ఆన్ పఠనం తెలిసిన ఏ పురుషుడైనా ముందు నిలబడి జమాఅత్‌కు ఇమామత్ చేయవచ్చు, అంటే సామూహిక నమాజును నడిపించవచ్చు. నికాహ్ చెల్లడానికి వధూవరుల సమ్మతి, సాక్షులు, వరుడు వధువుకు ఇచ్చే మెహర్ వంటి షరతులు ఉన్నాయి గానీ మతాధికారి సంతకం అందులో భాగం కాదు. పాపం చేసినవాడు క్షమాపణ కోసం మరో మనిషి దగ్గర మోకరిల్లనవసరం లేదు. పూర్వపు మతస్థులు తమ పండితులను, సన్యాసులను దేవునికి బదులు ప్రభువులుగా చేసుకున్నారని ఖుర్‌ఆన్ తొమ్మిదో అధ్యాయం 31వ వాక్యంలో తీవ్రంగా మందలిస్తుంది. అదే ఖుర్‌ఆన్ పదహారో అధ్యాయం 43వ వాక్యంలో, మీకు తెలియకపోతే తెలిసినవారిని అడగండి అని చెబుతుంది. పండితుడు ఈ రెండు వాక్యాల మధ్య నిలబడి పని చేయాలి. అతణ్ణి అడగడం విధి, అతణ్ణి ఆరాధ్యుణ్ణి చేసుకోవడం నేరం.

ఈ సమతూకం తొలి తరంలోనే కనిపిస్తుంది. ప్రవక్త సహచరులలో ఇబ్నె మస్ఊద్ కూఫాలో, ఇబ్నె అబ్బాస్ మక్కాలో, ప్రవక్త సతీమణి ఆయిషా మదీనాలో జిజ్ఞాసువులకు కేంద్రాలయ్యారు. వీరికి ఎవరూ పదవి ఇవ్వలేదు. ప్రవక్త సాన్నిధ్యంలో విన్నదీ చూసినదీ వీరి అర్హత. నమాజు చేసేవాడి ఎదుట నుంచి స్త్రీ గానీ, కుక్క గానీ, గాడిద గానీ దాటితే నమాజు భంగమవుతుందన్న మాట ఒకసారి ఆయిషా దగ్గర ప్రస్తావనకు వచ్చింది. మమ్మల్ని కుక్కలతో, గాడిదలతో సమానం చేశారా అని ఆమె ప్రశ్నించి, ప్రవక్త నమాజు చేస్తుండగా తాను ఆయన ముందు, ఖిబ్లా దిక్కున (నమాజులో ముఖం తిప్పే దిక్కున), పాన్పు మీద పడుకుని ఉండేదాన్నని చెప్పారు. ఈ ఉల్లేఖనం సహీహ్ బుఖారీ అనే హదీసు సంకలనంలో ఉంది. అక్కడ వాదం గెలిచింది హోదా వల్ల కాదు, ఆమె చూపిన సాక్ష్యం వల్ల. తర్వాతి పండితులలో అధికసంఖ్యాకులు ఆమె వైపే మొగ్గారు.

ఎనిమిదో శతాబ్దానికి వచ్చేసరికి ఈ జ్ఞానం శాస్త్ర రూపం తీసుకుంది. ఖుర్‌ఆన్, ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనమైన హదీసు, పండితుల ఏకాభిప్రాయమైన ఇజ్మా, పోలికను బట్టి నిర్ణయించే ఖియాస్ అనే ఆధారాల మీద ఫిఖ్హ్ అనే ధర్మశాస్త్రం పెరిగింది. అబూ హనీఫా (మరణం 767), మాలిక్ (795), షాఫిఈ (820), అహ్మద్ ఇబ్నె హంబల్ (855) పేర్ల మీద సున్నీలలో నాలుగు మజ్‌హబ్‌లు, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయాలు, నిలదొక్కుకున్నాయి. ఈ నలుగురిలో ఎవరూ తమ పేర మజ్‌హబ్ పెట్టమని కోరలేదు. ఇమామ్ మాలిక్ కూర్చిన మువత్తా గ్రంథాన్నే రాజ్యమంతటికీ ప్రమాణంగా శాసిద్దామని అబ్బాసీ ఖలీఫా ముందుకొస్తే, ప్రవక్త సహచరులు నలుదిక్కులా వెళ్లి తమకు తెలిసింది బోధించారు, ప్రజలు దాన్ని ఆచరిస్తున్నారు, వారిని వారి దారిన ఉండనివ్వండి అని ఆయన వద్దన్నట్లు చరిత్రకారులు రాశారు. చేతికందిన రాజ్యాధికారాన్ని ఒక పండితుడు ఇలా కాదనడం ఇస్లామీయ ధర్మశాస్త్ర చరిత్రలో ఎంతో గొప్ప ఘట్టం. నాలుగు మజ్‌హబ్‌లు నేటికీ పక్కపక్కన బతకగలుగుతున్నాయంటే దాని వెనుక ఇటువంటి సంయమనం ఉంది.

ఇమామ్ మాలిక్ గురించే చెప్పుకునే మరో సంగతి ఉంది. చాలా దూరం నుంచి ఒక వ్యక్తి తన ఊరివాళ్ల తరఫున ఒక సందేహం మోసుకొచ్చి అడిగితే, ఆయన తెలియదని చెప్పారట. ఇంత దూరం నుంచి వచ్చాను, తిరిగి వెళ్లి వాళ్లకేం చెప్పను అని ఆ మనిషి దిగులుపడితే, మాలిక్‌కు తెలియదట అని చెప్పు అన్నారట. ఫత్వా ఇచ్చేవారి మర్యాదల గురించి రాసిన గ్రంథాలలో ఈ మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తెలియని చోట ఆగడం పండితుడి ప్రతిష్ఠను తగ్గించదని, నిజానికి అతని తక్కిన సమాధానాలకు విలువనిచ్చేది అదేనని ఆ సంప్రదాయం గట్టిగా నమ్మింది.

ఖలీఫాలు మాత్రం ధర్మం మీద తుది మాట తమదే కావాలని ఒక దశలో బలంగా ప్రయత్నించారు. ఖుర్‌ఆన్ దేవుని సృష్టిలో భాగమా, లేక అది ఆయన అనాది వాక్కా అన్నది ఆనాటి వేదాంత వివాదం. సృష్టి అన్న ముఅతజిలీల (తర్కానికి పెద్దపీట వేసిన వేదాంతుల) వాదాన్ని ఖలీఫా మామూన్ అధికారిక సిద్ధాంతం చేసి, 833లో బగ్దాద్ పాలకుడు ఇస్‌హాఖ్ ఇబ్నె ఇబ్రాహీమ్‌కు ఉత్తరాలు రాసి, ఖాజీలను (న్యాయాధిపతులను), హదీసు పండితులను పిలిపించి ఒక్కొక్కరినీ ప్రశ్నించమన్నాడు. ఒప్పుకోనివారికి కొలువు పోతుంది, సాక్ష్యం చెల్లదు, ఆపై చెర. చరిత్రలో దీన్ని మిహ్నా అంటారు. చాలామంది భయపడి తల ఊపారు. అహ్మద్ ఇబ్నె హంబల్, యువకుడైన ముహమ్మద్ ఇబ్నె నూహ్ ఒప్పుకోలేదు. ఇద్దరినీ సంకెళ్లతో ఖలీఫా దగ్గరికి తరలిస్తుండగా మామూన్ మరణవార్త వచ్చింది. తిరుగు దారిలో ఇబ్నె నూహ్ కూడా చనిపోయాడు. తర్వాతి ఖలీఫా ముఅతసిమ్ కొలువులో వాదన రోజుల తరబడి సాగింది. అహ్మద్ అడిగింది ఒక్కటే: దేవుని గ్రంథం నుంచో, ప్రవక్త సంప్రదాయం నుంచో ఒక్క ఆధారం చూపండి. చివరికి కొరడాలతో కొట్టించారు, ఆయన లొంగలేదు.

పదిహేనేళ్లకు ముతవక్కిల్ ఆ విధానాన్ని ఎత్తేశాడు. అంతటితో ఊరుకోక అహ్మద్‌ను సన్మానించాలని చూశాడు, కానుకలు పంపాడు. ఆయన వాటిని కూడా ముట్టలేదు, పుచ్చుకున్న తన కుటుంబీకుల మీద నొచ్చుకున్నాడు. కొరడాను తట్టుకోవడం కన్నా కానుకను కాదనడమే కష్టమని ఆయన భావించినట్లు ఆయన జీవితం చూస్తే అనిపిస్తుంది. 855లో ఆయన పోయినప్పుడు బగ్దాద్ జనసంద్రమైంది. ఖలీఫా విశ్వాస సూత్రాలను నిర్ణయించగలడన్న ఆశ ఆ తర్వాత సున్నీ లోకంలో మళ్లీ బలంగా తల ఎత్తలేదు. ధర్మవ్యాఖ్య పండితులది, పాలన రాజుది అన్న విభజన అక్కడ స్థిరపడింది. మిహ్నా ముందు కూడా ఆ పోరు లేకపోలేదు: ఖాజీ పదవి వద్దన్నందుకు ఖలీఫా మన్సూర్ తనను చెరలో వేయగా అబూ హనీఫా బగ్దాద్‌లో మరణించారని సంప్రదాయం చెబుతుంది, బలవంతంగా చెప్పించిన తలాఖ్ చెల్లదన్నందుకు మదీనా పాలకుడు మాలిక్‌ను కొరడాలతో కొట్టించాడు. పైకి తలాఖ్ గురించే అనిపించే ఆ ఫత్వా, ఖలీఫాకు బలవంతంగా చేసిన విధేయతా ప్రమాణానికి కూడా వర్తిస్తుందని పాలకులకు బాగా తెలుసు.

పదవి ఇచ్చేవారు లేనప్పుడు పండితుడని గుర్తించేది ఎవరు? గురువు. విద్యార్థి ఒక గ్రంథాన్ని గురువు ఎదుట చదివి, దాన్ని బోధించడానికి ఇజాజత్, అంటే అనుమతి, పొందుతాడు. ఆ గురువుకు తన గురువు ఇచ్చిన ఇజాజత్, ఆయనకు ఆయన గురువు ఇచ్చినది, అలా గ్రంథకర్త దాకా పరంపర ఉంటుంది. ఆ అనుమతి ఇచ్చేది మనిషే, సంస్థ కాదు. 1067లో సెల్జుక్ మంత్రి నిజాముల్ముల్క్ బగ్దాద్‌లో నిజామియా మద్రసాను తెరిచి, 1091లో ప్రసిద్ధ వేదాంతి గజాలీని అక్కడ ఆచార్యుడిగా నియమించిన కాలంలో కూడా విద్యార్థి ఏ మద్రసాలో చదివాడని కాక, ఎవరి దగ్గర చదివాడని అడిగేవారు. స్త్రీలకూ ఈ దారి తెరిచే ఉండేది. పదకొండో శతాబ్దంలో మక్కాలో కరీమా మర్వజియా సహీహ్ బుఖారీని బోధిస్తుంటే దూరదేశాల పండితులు వచ్చి ఆమె దగ్గర విని అనుమతి పొందారు. ఖాజీగా స్త్రీ ఉండవచ్చా అన్నదాని మీద భేదాలు ఉన్నా, ఫత్వా ఇవ్వడానికి స్త్రీత్వం అడ్డు కాదని శాస్త్ర గ్రంథాలు స్పష్టంగానే రాశాయి. ఇన్ని శతాబ్దాల తర్వాత చాలాచోట్ల ఆ దారి ఇరుకైపోవడం శాస్త్రం వల్ల జరిగినది కాదు.

ఈ చదువుకు డబ్బు వక్ఫ్ నుంచి వచ్చేది. ధర్మాదాయంగా శాశ్వతంగా రాసిచ్చిన భూములు, దుకాణాల ఆదాయంతో మద్రసాలు నడిచేవి, గురువులకు జీతం, విద్యార్థులకు తిండి దొరికేవి. సూత్రరీత్యా ఆ ఆస్తి రాజుది కాదు. పండితుడు కాస్త తల ఎత్తుకుని మాట్లాడగలిగాడంటే ఈ ఆర్థిక ఏర్పాటు పాత్ర తక్కువేం కాదు.

ఫత్వా అంటే ఆజ్ఞ అని, శిక్ష అని ముస్లింలు కానివారిలోనే కాదు, ముస్లింలలో కూడా కొందరు అనుకుంటారు. ఖాజీ తీర్పు ఆజ్ఞ. కక్షిదారులు దానికి కట్టుబడాలి. ముఫ్తీ ఇచ్చే ఫత్వా అడిగినవాడి ప్రశ్నకు శాస్త్రం తెలిసినవాడు చెప్పే అభిప్రాయం. అడిగినవాడు మరో ముఫ్తీని అడగవచ్చు. శ్రమించి నిర్ణయించిన న్యాయాధిపతి సరైనది చెబితే రెండు ప్రతిఫలాలు, పొరబడితే ఒకటి అన్న హదీసును సంకలనకర్తలు బుఖారీ, ముస్లిం ఇద్దరూ నమోదు చేశారు. పొరపాటుకు కూడా పుణ్యం ఉందన్న ఈ మాటే ఇజ్తిహాద్‌కు, అంటే ఆధారాల నుంచి స్వయంగా నిర్ణయం రాబట్టే శ్రమకు, ధైర్యం ఇచ్చింది. ఆ శక్తి లేని సామాన్యుడు ఒక మజ్‌హబ్‌ను లేదా పండితుణ్ణి అనుసరించడం తఖ్లీద్. కాలక్రమంలో పండితులు కూడా తమ మజ్‌హబ్ గీత దాటకపోవడంతో తఖ్లీద్ బిగుసుకుపోయిందన్న విమర్శ హంబలీ పండితుడు ఇబ్నె తైమియా కాలం నుంచీ ఉంది. తన మజ్‌హబ్‌కు భిన్నమైన ఫత్వాలకు ఆయన చెర అనుభవించారు, 1328లో దమస్కస్ కోటలో బందీగానే మరణించారు.

తఖ్లీద్ ఎంత బిగుసుకున్నా లోపలి నుంచి ఎలా సడలగలదో బ్రిటిషు పాలనలోని భారతదేశంలో జరిగిన ఒక వ్యవహారం బాగా చూపిస్తుంది. భర్త ఆచూకీ లేకుండా పోతే, అతని ఈడువాళ్లు అందరూ పోయేంత కాలం గడిచేదాకా భార్య మరో నికాహ్ చేసుకోరాదన్నది హనఫీల, అంటే అబూ హనీఫా మజ్‌హబ్ వారి, స్థిరమైన మాట. కొందరు దాన్ని భర్తకు తొంభై ఏళ్లు నిండేదాకా అని లెక్కగట్టారు. అంటే ఆమె బతుకంతా ఎదురుచూపే. అదే సమయంలో, భార్య మతం వదిలితే వివాహం రద్దవుతుందన్న హనఫీ అభిప్రాయాన్ని కోర్టులు అమలు చేస్తుండేవి. దిక్కుతోచని కొందరు స్త్రీలు కేవలం ఆ బంధం నుంచి బయటపడడానికి మతం మారినట్లు ప్రకటించసాగారు. దేవ్‌బంద్ సంప్రదాయంలో ఆనాడు ఎంతో ప్రతిష్ఠ ఉన్న హనఫీ పండితుడు అష్రఫ్ అలీ థాన్వీ ఈ బాధను పట్టించుకుని, మదీనాలోని మాలికీ పండితులకు రాసి వారి ఫత్వాలు తెప్పించుకున్నారు. నాలుగేళ్లు వేచి, ఇద్దత్ అనే నిరీక్షణ గడువు గడిపాక స్త్రీకి విముక్తి ఉందన్న మాలికీ నియమాన్ని అవసరం దృష్ట్యా హనఫీలు స్వీకరించవచ్చని 1930ల తొలినాళ్లలో గ్రంథం ప్రచురించారు. మతం వదలడం వల్ల మాత్రం వివాహం రద్దు కాదని కూడా అందులో వాదించారు. 1939లో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టంలో భర్త జాడ నాలుగేళ్లు తెలియకపోవడం మొదటి కారణంగా చేరింది. మతత్యాగం దానంతట అదే వివాహాన్ని రద్దు చేయదన్న నిబంధనా వచ్చింది. ఇటువంటి కేసులు ముస్లిం న్యాయాధికారే వినాలన్న ఉలమా కోరిక మాత్రం చట్టంలోకి రాలేదు. థాన్వీకి చట్టం చేసే అధికారం ఏదీ లేదు. తమ మజ్‌హబ్ పట్ల ఆయన నిష్ఠను ఎవరూ శంకించలేకపోవడం వల్లనే, ఆ మజ్‌హబ్ నుంచి ఒక అడుగు బయటికి వేయమన్న ఆయన మాట చెల్లింది.

షియాల మార్గం వేరు. ప్రవక్త వంశపు ఇమాములకు దోషరహితమైన జ్ఞానం ఉందని వారి విశ్వాసం; పన్నెండో ఇమాము అదృశ్యంగా ఉన్న కాలంలో దారి చూపేది ముజ్తహిద్‌లు, అంటే ఇజ్తిహాద్ చేయగల పండితులు. ప్రతి విశ్వాసీ బతికి ఉన్న ఒక మహాపండితుణ్ణి, మర్జాను, అనుసరించాలన్న పద్ధతి పంతొమ్మిదో శతాబ్దంలో గట్టిపడింది. ఖుమ్స్ అనే ఐదో వంతు చెల్లింపు నేరుగా మర్జాకు అందడం వల్ల ఆయనకు రాజు మీద ఆధారపడే అవసరం తక్కువ. ఇరాన్ షా 1890లో దేశంలోని పొగాకు వ్యాపారమంతా ఒక బ్రిటిషు మేజరుకు రాసిచ్చినప్పుడు, మరుసటి ఏడాది చివర సామర్రాలోని మర్జా మీర్జా హసన్ షీరాజీ పేరిట పొగాకు వాడకం ఇమాముతో యుద్ధం చేయడమేనన్న ఫత్వా వెలువడింది. షా అంతఃపురంలోని స్త్రీలు కూడా హుక్కా మానేశారు. 1892 జనవరిలో ఒప్పందం రద్దయింది. 2003లో ఇరాక్ రాజ్యాంగాన్ని ఆక్రమణ శక్తులు నియమించిన సంఘం కాక, ప్రజలు ఎన్నుకున్న సభే రాయాలని నజఫ్ నుంచి ఆయతుల్లా సీస్తానీ ఇచ్చిన చిన్న ఫత్వా అమెరికా ప్రణాళికనే మార్చింది. ఇంత శ్రేణీబద్ధంగా కనిపించే ఈ వ్యవస్థలో కూడా ఏ మర్జాను ఎంచుకోవాలన్నది అనుచరుడి ఇష్టమే. ఖుమైనీ ప్రతిపాదించిన ఫఖీహ్ (ధర్మశాస్త్రవేత్త) పాలన 1979లో ఇరాన్‌లో రాజ్యమైనా, సర్వోన్నత నాయకుడు మర్జా అయి ఉండాలన్న నిబంధనను 1989లో రాజ్యాంగం నుంచి తీసేయాల్సి వచ్చింది. పాండిత్యాన్నీ పదవినీ ఒకే మనిషిలో ఇమడ్చడం ఆ రాజ్యానికే పదేళ్లలో సాధ్యం కాలేదు.

ఉలమాను ప్రభుత్వోద్యోగులుగా చేసే పని ఉస్మానీ (ఒట్టోమన్) సామ్రాజ్యంలోనే మొదలైంది. అక్కడ షేఖుల్ ఇస్లాం, అంటే ప్రధాన ముఫ్తీ, సుల్తాను నియమించిన అధికారి. 1545 నుంచి 1574 దాకా ఆ పదవిలో ఉన్న అబుస్సుఊద్ సుల్తాను చట్టాలను షరీఅత్‌తో సమన్వయం చేశాడు. అయితే 1909లో సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్‌ను దించడానికి కూడా షేఖుల్ ఇస్లాం ఫత్వానే కావలసివచ్చింది. ఆధునిక రాజ్యాలు ఇంకా ముందుకు వెళ్లాయి. టర్కీ 1924లో ఖిలాఫత్‌ను రద్దు చేసిన రోజునే మతవ్యవహారాలకు ప్రభుత్వ శాఖను పెట్టింది. ఈజిప్టులో వక్ఫ్ ఆస్తులు ప్రభుత్వం చేతికి పోగా, 1961 చట్టం వెయ్యేళ్ల అజ్‌హర్ విద్యాపీఠాన్ని రాజ్య యంత్రాంగంలో కలిపింది. సౌదీ అరేబియా 1971లో మహాపండితుల మండలిని ఏర్పరచి, 2010లో బహిరంగ ఫత్వాలు ఆ మండలి సభ్యులే ఇవ్వాలని రాజాజ్ఞ చేసింది. క్రమశిక్షణ కోసమని చెప్పిన ఈ ఏర్పాట్లు పండితుడి మాటనే తేలిక చేశాయి. 1990లో అమెరికా సేనలను రప్పించడాన్ని సౌదీ మండలి సమర్థించినప్పుడు, అది సరైనదా కాదా అన్న చర్చకన్నా, జీతం తీసుకుంటున్నవాడు ఇంకేమంటాడన్న అనుమానమే యువతలో ఎక్కువగా పాకింది.

ఆ అనుమానం మిగిల్చిన ఖాళీలోకి వచ్చినవారిలో శాస్త్రం చదివినవారు తక్కువ. 1981లో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ హత్యకు సిద్ధాంతం అందించిన అబ్దుస్సలామ్ ఫరజ్ విద్యుత్ ఇంజినీరు. 1998లో ఫత్వా అన్న పేరుతో యుద్ధ ప్రకటన వెలువరించిన బిన్ లాదెన్ ఏ పరంపరలోనూ ఇజాజత్ పొందినవాడు కాదు. వాక్యాన్ని సందర్భం నుంచి పెరికి, ఎదుటివాణ్ణి అవిశ్వాసి అని ప్రకటించడం వీరి పద్ధతి. అమ్మాన్‌లో 2005లో సమావేశమైన పండితులు ఎనిమిది మజ్‌హబ్‌లను, అంటే నాలుగు సున్నీ మజ్‌హబ్‌లతో పాటు రెండు షియా మజ్‌హబ్‌లను, ఇబాదీ, జాహిరీ మార్గాలను కూడా, గుర్తించి, వాటిని అనుసరించేవారిని అవిశ్వాసులనరాదని, అర్హత లేనివాడు ఫత్వా ఇవ్వరాదని ఏకగ్రీవంగా ప్రకటించారు. 2014లో 120 మందికి పైగా పండితులు ఐసిస్ నాయకుడు బగ్దాదీకి బహిరంగ లేఖ రాసి అతని వాదాలను ఒక్కొక్కటిగా ఖండించారు. ఆ లేఖ దూషణతో కాక శాస్త్రనియమాలతో మొదలవుతుంది: అరబీ భాషా పాండిత్యం లేకుండా, ఒక విషయం మీద ఉన్న వాక్యాలన్నింటినీ కలిపి చూడకుండా ఫత్వా ఇవ్వరాదని. కేంద్రపీఠం లేకపోవడం ఇస్లాంకు బలహీనత అనేవారికి దీనిలో ఒక ఆధారం దొరుకుతుంది: తప్పు చెప్పినవాణ్ణి వెలివేసే యంత్రాంగం నిజంగానే లేదు. అయితే అటువంటి పీఠాన్ని నిర్మించినప్పుడల్లా అది రాజుల చేతిలో పడిన చరిత్ర కూడా కళ్లముందే ఉంది.

ఇప్పుడు ప్రశ్న అడగడానికి మసీదు దాకా పోనక్కర్లేదు. దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ నుంచి ఈజిప్టు ఫత్వా సంస్థ దారుల్ ఇఫ్తా దాకా ఇంటర్నెట్‌లో సమాధానాలిస్తున్నాయి, వేలాది ఫత్వాలు వెతికితే దొరుకుతాయి. ఇక్కడ పాత శాస్త్రకారులు ఊహించని చిక్కు ఒకటి వచ్చింది. ఫత్వా ఒక మనిషికి, అతని పరిస్థితి తెలుసుకుని ఇచ్చేది. 1285లో మరణించిన మాలికీ పండితుడు ఖరాఫీ ముఫ్తీలకు ఇచ్చిన సూచన ఎంతో నిర్దిష్టమైనది: నీ ప్రాంతం కానివాడు వచ్చి అడిగితే నీ ఊరి వాడుకను బట్టి, నీ పుస్తకాల్లో రాసినదాన్ని బట్టి చెప్పవద్దు, అతని ఊరి వాడుక ఏమిటో అడిగి, దాన్ని బట్టి చెప్పు. తెర మీద కనిపించే ఫత్వాలో అడిగినవాడు ఎవరో, ఏ దేశంలో ఏ చట్టం కింద ఉన్నాడో, ఏ మజ్‌హబ్ అనుసరిస్తాడో చాలాసార్లు కనపడదు. చదివేవాడు దాన్ని తనకు చెప్పినట్లే తీసుకుంటాడు. అడిగినవారి స్థితిగతులు తెలుసుకోకుండా ఒక సమాధానాన్ని లోకమంతటికీ వినిపించే పండితుడు ఎంత చదివినవాడైనా ఖరాఫీ పెట్టిన ఈ షరతును పాటించనట్లే. ముందు ఎదురుప్రశ్న వేసి, అవతలి మనిషి సంగతి కనుక్కున్నాకే నోరు తెరిచే స్థానిక ఆలిమ్ (పండితుడు), అంత పేరు లేకపోయినా, దాన్ని ఇప్పటికీ పాటిస్తున్నాడు.